బ్లాకుల గదిలోని పెద్దాయనకు, ఇంకా చాలామందికి

తమ్ముడి బయాప్సీ రిపోర్టు నిన్న సాయంత్రం వచ్చింది. పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో తీసేసిన పాలిప్, అంటే చిన్న బుడిపె, ఇంకా క్యాన్సర్‌గా మారలేదు. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి.

ముందు ఒక పెద్దాయనకు. ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగంలో పాత బ్లాకులు దాచే గది ఆయనది. ఆపరేషన్‌లో తీసిన గడ్డ నుంచి చిన్న ముక్కలు కోసి, మైనంలో పోసి బ్లాకులుగా ఉంచుతారు. అవి ఏళ్లు గడిచినా పరీక్షకు పనికొస్తాయి. మా నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ బయటపడేనాటికి ఆయనకు 43 ఏళ్లు. తాతయ్య పోయిందీ ఆ జబ్బుతోనే. తర్వాత మేనత్త గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఈ మూడూ ఒకే కథ కావచ్చని, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే ఆ జీన్ లోపాన్ని లించ్ సిండ్రోమ్ అంటారని జెనెటిక్ కౌన్సెలర్ చెప్పేదాకా మాకు తెలియదు.

జబ్బు పడినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆరోగ్యంగా ఉన్న నాకు నేరుగా రక్తపరీక్ష చేసి ఏమీ లేదని వస్తే, ఆ లోపం నాకు రాలేదనుకోవాలా, అసలు మా ఇంటి లోపం ఆ పరీక్షకు చిక్కలేదనుకోవాలా? తేలదు. నాన్న గడ్డ ముక్క దొరికితే దారి తెలుస్తుందన్నారు ఆవిడ. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అని నాలుగు ప్రొటీన్లు. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు పడే తప్పుల్ని సరిచేస్తాయి. గడ్డలో వాటిలో ఏది కనబడడం లేదో చూస్తారు.

కౌంటర్లలో ఒకరు అంత పాతవి ఉండవన్నారు. ఒకరు పాథాలజీ నంబరు తెమ్మన్నారు. ఒకరు పేషెంటే వచ్చి సంతకం పెట్టాలన్నారు. చనిపోయారని చెప్పినా తల ఎత్తలేదు.

పెద్దాయన మాత్రం కళ్లజోడు తుడుచుకుని, అక్షరాలు చెరిగిన డిశ్చార్జి కాగితాన్ని వెలుతురుకు పట్టి చదివారు. ఆపరేషన్ ఎండాకాలంలోనా, వానాకాలంలోనా గుర్తుందా అమ్మా అని అడిగారు. డ్యూటీ అయిపోయాక కూర్చుని చేతిరాత రిజిస్టర్లు తిరగేశారట. మర్నాడు పొద్దున్నే సొంత ఫోన్ నుంచి చేశారు. "నాన్నగారిది దొరికిందమ్మా. మూడున్నాయి. ఒకటి కాస్త చితికింది, రెండు బాగున్నాయి. కంగారుపడి పరిగెత్తుకు రాకండి, సంతకాలు నేను పెట్టించి ఉంచుతాను."

అప్పటిదాకా అందరూ పాత కేసు, పాత స్పెసిమెన్ అన్నవాళ్లే. నేను మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. వెళ్తే, డబ్బాలో దూది పరిచి సర్ది, రెండు చేతులతో ఇచ్చారు. ఎండలో ఉంచొద్దు, మైనం మెత్తబడుతుందన్నారు. డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు పిల్లల్ని చూపించుకోండి" అన్నారు. అయ్యా, చూపించుకున్నాం. మీకు ఎలా చెప్పుకోవాలో తెలియక ఇలా రాస్తున్నాను.

ఆ ముక్కలో ఎంఎస్‌హెచ్2, దాని జోడీ ఎంఎస్‌హెచ్6 రెండూ లేవు. దాన్ని పట్టుకుని వెతికితే నా రక్తంలో ఎంఎస్‌హెచ్2 జీన్‌లో లోపం దొరికింది. ఇక తమ్ముడికీ చెల్లికీ ఆ ఒక్క చోటు చూస్తే చాలింది. ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం. చెల్లికి రాలేదు, కాబట్టి ఆమె నుంచి ఆమె పిల్లలకూ రాదు. తమ్ముడికి వచ్చింది. వాడికి 36 ఏళ్లు. నొప్పి లేదు, రక్తం పడలేదు, బరువు తగ్గలేదు. మామూలుగా ఎవరూ కొలనోస్కోపీ చేయని వయసు. ఇకపై వాడికీ నాకూ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తప్పదు, నాకు గర్భసంచి, అండాశయాల సంగతి కూడా చూసుకోవాలి. చూసుకుంటాం.

ఒక్క మాట అనకుండా ఉండలేను. దగ్గరి బంధువుల్లో ముగ్గురికి ఈ రకం క్యాన్సర్లు, రెండు తరాల్లో, ఒకరికైనా 50 లోపు: లించ్ సిండ్రోమ్‌ని అనుమానించడానికి ఇది చాలని డాక్టర్లు వాడే ఆమ్‌స్టర్‌డామ్ ప్రమాణాలు 1999 నుంచీ చెబుతున్నాయి. నాన్న ఆపరేషన్ ఆ తర్వాతే. తాతయ్య గురించి ఆ రోజు ఒక్కరైనా అడిగారా? మేనత్త వైద్యం ఇంకో విభాగంలో. పేగు వాళ్లు పేగే చూశారు, గర్భసంచి వాళ్లు గర్భసంచే చూశారు. కుటుంబాన్ని చూడడం ఎవరి పనీ కాలేదు. అడిగి ఉంటే మేనత్త సంగతి ముందే తెలిసేదేమో! జబ్బు పడ్డాక ఖర్చిస్తానన్న మా బీమా సంస్థ, జబ్బు రాకముందు చేసే ఈ పరీక్షకు ఇవ్వనంది. ఇది అన్యాయం.

అమ్మ, మావారు, చెల్లి ఉన్నారు, ఉంటారు. వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు.

కౌన్సెలర్ గారికి నమస్కారాలు. కొలనోస్కోపీ ముందు రోజు రాత్రి తమ్ముడు పేగు శుభ్రం చేసే మందు తాగలేక వాంతి చేసుకుంటే, ఫోన్‌లోనే ఆగి ఆగి తాగమని ఓపికగా చెప్పిన నర్సమ్మకు కూడా. నా పని తన మీద వేసుకున్న ఆఫీసు స్నేహితురాలికీ.

బాబాయి, మేనత్త పిల్లలూ, కౌన్సెలర్ రాసిచ్చిన ఉత్తరం మీ అందరికీ పంపాను. అది చూపిస్తే మీకూ ఆ ఒక్క చోటే చూస్తారు. బాబాయి ముందు చేయించుకుంటే మేలు, ఆయనకు లేకపోతే ఆయన పిల్లలకు అక్కర్లేదు. ఉత్తరం అందనివాళ్లు నాకు ఫోన్ చేయండి, ఎంత రాత్రైనా పర్లేదు.

అయ్యో, బ్లాకుల గది ఎటో చూపించి లిఫ్ట్ దాకా తోడొచ్చిన సెక్యూరిటీ అబ్బాయిని మరిచాను. నీకూ చాలా థాంక్స్ బాబూ.