కడప సైక్లిస్టుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఆదివారం సవారీలు ఎప్పటిలాగే సాగాయి. ఒంటిమిట్ట, పుష్పగిరి, సిద్ధవటం దారులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది కమిటీ సమయం చాలావరకు తీరయాత్ర ప్రణాళికకే పోయింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, ఒకేసారి కాకుండా విడతలుగా పోవాలన్నది ఆలోచన.

"మనకు దగ్గర నెల్లూరు కదా, అంత దూరం రైల్లో పోయి పైనుంచి మొదలుపెట్టేదేంది?" అని చాలామంది అడిగారు. కారణం గాలి. చలికాలంలో తీరం మీద ఈశాన్య గాలి వీస్తుంది. ఉత్తరం నుంచి దిగితే అది వీపు వెనక ఉంటుంది, నెల్లూరు నుంచి ఎక్కితే ముఖానికి కొడుతుంది. గువ్వలచెరువు ఘాట్ ఎంత కష్టమైనా ఒకచోట అయిపోతుంది, పైన పాలకోవా కూడా దొరుకుతుంది. ఎదురుగాలి సాయంత్రం దాకా వదలదు. వేసవి దగ్గరపడే కొద్దీ గాలి దక్షిణానికి తిరుగుతుంది కాబట్టి ఏ విడతైనా సంక్రాంతి తర్వాత మొదలై శివరాత్రి లోపు ముగియాలి.

దసరా, దీపావళి సెలవులు కలిసొస్తాయని కొందరు అక్టోబర్ అన్నారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో అక్టోబర్‌లోనే వచ్చాయి. మొన్న 2025 అక్టోబర్ చివర మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాక ఆ వాదన ఎవరూ ఎత్తలేదు.

ఆంధ్ర తీరం పొడవు పాత లెక్కలో 974 కి.మీ., కొత్త లెక్కలో 1,053 కి.మీ. సముద్రం పెరిగి కాదు, వంపులను ఇంకా దగ్గరగా కొలిచారు. మనం పోయేది ఆ వంపుల వెంట కాదు, రోడ్డు మీద. విడతలను కూడా రైలు స్టేషన్లను చూసే విడగొట్టాం: ఇచ్ఛాపురం–విశాఖ, విశాఖ–కాకినాడ, కాకినాడ–ఒంగోలు, ఒంగోలు–తడ. ఇందులో మొదటిది, చివరిది ఎక్కువగా 16వ నంబరు జాతీయ రహదారి మీదే. లారీల హోరు తప్ప సముద్రం కనబడదు. బారువా, కళింగపట్నం, మైపాడు చూడాలంటే పక్కకు తిరగాల్సిందే. భీమిలి నుంచి విశాఖ దాకా మాత్రం సముద్రం పక్కనే వస్తుంది. ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డును అలలు పదే పదే కోసేస్తుంటాయి, అందుకే ఆ ముక్క సంగతి అక్కడికి చేరాకే తేలుస్తాం.

నన్నడిగితే అసలు యాత్ర మూడో విడతే. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216వ నంబరు రహదారి కోనసీమ కొబ్బరి తోటల్లోంచి, కాలువల మీదుగా సాగుతుంది. గోదావరి పాయల్లో గౌతమిని యానాం–ఎదుర్లంక వంతెన మీద, వశిష్ఠను చించినాడ వంతెన మీద దాటొచ్చు. వశిష్ఠ దగ్గర వంతెన వద్దనుకుంటే సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (మనుషులను, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఉంది. సైకిల్ పంటెక్కించి గోదావరి దాటే అవకాశం కడపోళ్లకు మళ్లీ ఎప్పుడొస్తుంది? కమిటీలో సగం మంది పంటు పక్షమే. ఆపైన మచిలీపట్నం, పులిగడ్డ–పెనుమూడి వంతెన దగ్గర కృష్ణ, రేపల్లె, బాపట్ల, చీరాల. ఈ విడతకు ఒక రోజు ఎక్కువే కేటాయించాం.

సంక్రాంతి తర్వాత బద్వేలు, ఆత్మకూరు మీదుగా మైపాడు దాకా పోయిన ప్రయోగ సవారీలో రెండు సంగతులు తెలిశాయి. మన ఎండకు అలవాటుపడ్డవాళ్లను కూడా తీరం ఉక్కపోత అలసగొడుతుంది. చెమట ఆరదు, దాహం తెలియదు. గంట గంటకూ ఉప్పు కలిపిన నీళ్లు తాగాలి. రెండోది, ఇసుక, ఉప్పుగాలి చైన్‌ను తినేస్తాయి. రోజూ రాత్రి తుడిచి నూనె వేయాలి. కంపముళ్ల పంక్చర్లు మాత్రం మన దగ్గరే ఎక్కువ.

మనుషులు తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో విశాఖకు, అక్కడి నుంచి వేరే రైల్లో ఇచ్ఛాపురానికి పోతారు. సైకిళ్లను మాత్రం మినీ లారీలో పంపాలని తీర్మానించాం. పరీక్షగా పార్సిల్ వేసిన సైకిల్ ఒక స్టేషన్‌లో ఆగిపోయి మరుసటి రోజు గేరు వంగి చేరింది. ఖర్చు పెరుగుతుంది, టెన్షన్ తగ్గుతుంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇచ్చారు. చందా బాకీలు తీర్చినవారికే లారీలో చోటు.

మొదటి విడత 2027 జనవరిలో. వచ్చేవారు దసరాలోపు కార్యదర్శికి పేరివ్వాలి. గేరు లేని సైకిల్‌తో రావచ్చా అని కొందరు అడిగారు. దారి చాలావరకు చదునే, రావచ్చు. హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేని వారిని మాత్రం హైవే ఎక్కనివ్వం.