సాహిత్య, సాంస్కృతిక విభాగం వార్షిక నివేదిక: విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మన సభలు

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది ప్రాంగణంలో అష్టావధానం, ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవ కవిసమ్మేళనం, పిల్లల కథా వేదిక, ఒక నాటిక జరిగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా ఇస్తారు. రాబోయే కార్యవర్గానికి పనికొచ్చే సంగతులే ఇక్కడ రాస్తున్నాం. ఏ సభనైనా మేం ఒకే ప్రశ్నతో తూచాం: ఇంటిల్లిపాదీ వచ్చినవాళ్లు చివరిదాకా కూర్చోగలిగారా?

అవధానానికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం, దాని అసలు రుచి చివర్లోనే ఉంది కాబట్టి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలడిగేవాళ్లు) వంతులవారీగా అడుగుతుంటే, అవధాని అక్కడికక్కడే పద్యాలల్లుతూ జవాబిస్తారు. నిషిద్ధాక్షరి (పృచ్ఛకుడు వద్దన్న అక్షరాలు రాకుండా పద్యం చెప్పడం), సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయడం), దత్తపది (ఇచ్చిన పదాలతో పద్యం చెప్పడం), వర్ణన ఒక్కో ఆవృత్తికి, అంటే అందరి వంతులూ ఒకసారి తిరిగే చుట్టుకు, ఒక్కో పాదం చొప్పున నడుస్తాయి. ఆ పద్యాలన్నిటినీ అవధాని ధారణ చేసేది, అంటే జ్ఞాపకం నుంచి తిరిగి అప్పజెప్పేది, ఆఖరున. పృచ్ఛకుడికి నాలుగు నిమిషాలే అనుకున్నా, ఎనిమిది మందికి అరగంట దాటుతుంది. నాలుగు ఆవృత్తులూ ధారణా కలిపితే రెండున్నర గంటల పైమాటే. దీనికి ముందు ఓ గంట ప్రసంగాలు తగిలిస్తే, ధారణ వేళకు చంటిపిల్లల తల్లిదండ్రులు ఎవరూ మిగలరు. అందుకే ప్రారంభ సభను 15 నిమిషాలకు కుదించాం. సత్కారం ధారణ అయ్యాక, జనం లేవకముందే, ఐదు నిమిషాల్లో. అతిథులకు ఇది కాస్త చివుక్కుమనిపిస్తుంది. అయినా ఈ పద్ధతి మార్చవద్దని మా మాట.

సమస్యాపాదాన్ని ముందే ఛందస్సు తెలిసిన మరొకరి చేత గణవిభజన చేయించాలి (ఆ రెండోవారు సభ ముగిసేదాకా పెదవి విప్పకూడదు). గణభంగం ఉంటే పూరణ పక్కకు పోయి, ఆ ఆవృత్తి అంతా పాదాన్ని సరిదిద్దడంతోనే సరిపోతుంది. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి చీటీల మీద అందిస్తారు, అవధాని వాటిని కూర్చి వాక్యం చెప్పాలి. ఆ చీటీల మీద అక్షరంతోపాటు దాని స్థానసంఖ్య ఉంటుంది కదా, 6, 9 అంకెల కింద గీత పెట్టాలి. లేదంటే చీటీ తిరగబడి వాక్యమే మారిపోతుంది. పాదాలను ఎప్పటికప్పుడు తెర మీద టైపు చేస్తే వెనక వరసల వాళ్లు కూడా అందుకుంటారు. కానీ తెర అవధాని వీపు వెనకే ఉండాలి. లెక్చర్ హాళ్లలో వక్త కోసం ముందు వైపు ఇంకో చిన్న మానిటర్ ఉంటుంది, తెర మీదున్నదే అందులోనూ కనిపిస్తుంది. దాన్ని ఆపకపోతే ధారణకు విలువే లేదు.

మైకుల విషయం. పృచ్ఛకులందరి మైకులూ ఒకేసారి తెరిచి ఉంచితే కుయ్యిమని మోగుతుంది. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, ఈల రాకుండా పెంచగల ధ్వని సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి అవధాని మైకు, అప్పుడు అడుగుతున్న పృచ్ఛకుడి మైకు, అప్రస్తుత ప్రసంగిది, ఈ మూడే తెరిచి ఉండాలి. అడ్డు తగలడమే అప్రస్తుత ప్రసంగి పని, ఆ మైకు మూయకూడదు. నిషిద్ధాక్షరి నడిచేటప్పుడు మాత్రం స్థాయి తగ్గించాలి. ఏ అక్షరం నిషేధించారో సభకు వినబడకపోతే ఆ అంశంలో చూడటానికేమీ మిగలదు.

పిల్లల గది హాలు పక్కనే ఉండాలి. మెట్లమెట్లుగా బిగించిన కుర్చీల గది వద్దు, బల్లలు జరపగలిగే తరగతి గదిలో చాపలు వేయాలి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు లోపల ఉండాలి. బిడ్డను అప్పగించినప్పుడు అంకె వేసిన చీటీ రెండు ముక్కలు చేసి, ఒకటి బిడ్డ చొక్కాకు, ఒకటి తల్లిదండ్రులకు. చీటీ చూపిస్తేనే బిడ్డను పంపాలి. ఫొటోలకు అనుమతి కూడా అక్కడే, రాతపూర్వకంగా తీసుకోవాలి. నాలుగారేళ్ల వాళ్లకు కథ పది నిమిషాలు దాటితే చూపు కిటికీల వైపు పోతుంది. పెద్దపిల్లలతో మాత్రం నిషిద్ధాక్షరి ఆడించవచ్చు: ‘ర’ లేకుండా నీ బడి గురించి చెప్పు, ఇప్పుడు ‘న’ కూడా లేకుండా చెప్పు. రెండు వాక్యాలకే తడబడి నవ్వుకున్న పిల్లలను ఆఖరి ఆవృత్తికి హాల్లోకి తీసుకొస్తే, వేదిక మీద ఏం జరుగుతోందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఫిబ్రవరి 21 సభను అన్ని భాషల విద్యార్థులకూ తెరిచి ఉంచడం సబబు. 1952లో బంగ్లా భాష కోసం నిరసనకు దిగిన ఢాకా విద్యార్థుల మీద కాల్పులు జరిగిన రోజది. 1999లో యునెస్కో దాన్ని అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది. మూలమూ అనువాదమూ రెండూ చదివితే సమయం రెట్టింపవుతుంది, అందుకని మూలం చదివించి అనువాదం తెర మీద చూపాలి. కవిత పీడీఎఫ్ రూపంలోనే తీసుకోవాలి. హాల్లోని కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఒత్తులు విడిపోయి, గుణింతాల స్థానంలో చుక్కల వలయాలు కనిపిస్తాయి.

నాటిక గురించి ఒక్క మాట: లెక్చర్ హాల్లో పక్కతెరలుండవు, వేషం మార్చుకునే చోటూ ఉండదు. ఇద్దరు ముగ్గురు పాత్రధారులు, ఒకే దృశ్యం ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

పరీక్షల పట్టిక వెలువడ్డాకే తేదీ ఖాయం చేసుకోవాలి. అంతకుముందు హాలు దొరికినా, పరీక్ష పడితే మన బుకింగే ముందు రద్దవుతుంది. హాలు కోసం ఇచ్చే దరఖాస్తులో హాలు ఒక్కటే అడిగితే చాలదు. సెలవు రోజున మరుగుదొడ్ల తాళాలు, ఎలక్ట్రీషియన్, లిఫ్టు, గేటు దగ్గర వాహనాల అనుమతి కూడా విడివిడిగా రాయాలి. చక్రాల కుర్చీ కోసం తాత్కాలిక ర్యాంపు వేస్తే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, మెట్ల మీద పరిచిన చెక్క పలక ర్యాంపు కాదు.

వచ్చే ఏడాదికి పిల్లల గది బాధ్యత తీసుకునేవారి పేర్లు సర్వసభ్య సమావేశంలోనే నమోదు చేస్తాం. ఒకే జంటను ప్రతిసారీ ఆ గదిలో కూర్చోబెట్టకుండా వంతులు వేస్తాం, వాళ్లకూ ధారణ వినాలని ఉంటుంది.