ముందు వీపు కొలుచుకో, లీటర్లు తర్వాత

హైదరాబాద్,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూసి నవ్వాగలేదు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి 70 లీటర్ల బ్యాగు ఆఫర్లో ఉందనీ, చెల్లాయి సామాను కూడా అందులోనే పడేసి నువ్వే మోస్తాననీ రాశావు. ఆగరా బాబూ! ఫోన్లో చెబితే సగం విని, మిగతా సగం ఆఫీసు కాల్ వస్తోందని ఎగ్గొడతావు. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నేను బేస్ క్యాంప్‌కి వెళ్లినప్పుడు సరిగ్గా నీ పనే చేశాను. ఆరడుగుల మనిషిని కదా అని పెద్ద సైజులో 65 లీటర్లది తెచ్చుకున్నా. ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే నాకే ముచ్చటేసింది. నేపాల్‌లోని లుక్లాలో విమానం దిగిన రోజు బానే గడిచింది. రెండో రోజు నామ్చే ఎక్కాలి. ఎత్తున వేలాడే ఆ పొడవాటి వంతెన దాటాక మొదలవుతుంది చూడు, నామ్చే బజార్ చేరేదాకా ఎక్కుడే ఎక్కుడు. ఊరి ఎత్తు 3,440 మీటర్లు. నడుం బెల్టు ఎంత బిగించినా పిరుదుల మీదికి జారిపోతోంది. పైకి లాగి సరిచేస్తే భుజాల పట్టీలు గాల్లోకి లేచి, ఎవరో వెనక్కి పట్టుకుని గుంజుతున్నట్టుంది. సాయంత్రానికి మెడ తిరగలేదు. చొక్కా విప్పితే రెండు భుజాల మీదా వాతలు. ఆ రాత్రి లాడ్జిలో పక్క బృందం గైడు ఒకాయన చూసి, ఏమీ అనకుండా పట్టీలన్నీ వదులు చేసి మొదటినుంచీ సర్ది పెట్టాడు. సగం బాధ పోయింది. మిగతా సగం బ్యాగు సైజుది, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

తర్వాత అర్థమైందేంటంటే, నా పొడవంతా కాళ్లలో ఉంది, వీపులో లేదు. బ్యాగు మీద ఎస్, ఎమ్, ఎల్ అని ఉంటుందే, అది మన ఎత్తు సైజు కాదు, వీపు పొడవు సైజు. లోపల ఎంత సామాను పడుతుందో చెప్పే లీటర్ల లెక్క దానికి పూర్తిగా వేరు.

ఇప్పుడు దర్జీ టేపు ఒకటి తీసుకో. తల ముందుకి వంచితే మెడ కింద ఒక ఎముక బొడిపెలా చేతికి తగులుతుంది. కొలత అక్కడ మొదలు. మనం లేటుగా ఇంటికొస్తే మీ నాన్నగారు గుమ్మంలో నిలబడేవారే, అలా రెండు చేతులూ నడుం మీద పెట్టుకో. అరచేతులు తుంటి ఎముక పైఅంచు మీద ఆనాలి, బొటనవేళ్లు వెనక్కి రావాలి. రెండు బొటనవేళ్ల మధ్య గీత గీస్తే అది వెన్నుని తాకే చోటు కొలతకి చివర. వెన్ను వంపు వెంటే టేపు పోవాలి. సొంతంగా కుదరదు, చెల్లాయిని కొలవమను. నాది 46 సెంటీమీటర్లు వచ్చింది. నాకంటే నాలుగంగుళాలు పొట్టి అయిన మా ఆఫీసు కుర్రాడికి 50! కంపెనీ కంపెనీకీ సైజుల పట్టిక మారుతుంది కాబట్టి అంకె రాసిపెట్టుకుని వెళ్లు. వీపు భాగం పైకీ కిందకీ జరుపుకునే రకం దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకో.

మా అమ్మ బావి నుంచి నీళ్ల బిందె ఎలా తెచ్చేదో గుర్తుందా? నడుం మీద ఆనించుకుని, చెయ్యి చుట్టూ వేసి. చెయ్యి బిందె పడకుండా చూడ్డానికే, బరువు మోసేది నడుమే. బ్యాగు కూడా అంతే. బెల్టు తుంటి ఎముక మీద కూర్చుని బరువులో ఎక్కువ భాగం తీసుకోవాలి, భుజాల పట్టీలు బ్యాగు వెనక్కి పడకుండా పట్టుకుంటే చాలు. అందుకని తగిలించుకునేటప్పుడు ముందు నడుం బెల్టు, తర్వాత భుజాల పట్టీలు, ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగు కొసకి పోయే చిన్న పట్టీలు, చివర్లో ఛాతీ పట్టీ. మనం చేసేది దీనికి సరిగ్గా తిరగేసి.

ఇక నీ 70 లీటర్లు. గుడారం, స్టవ్వు, వారానికి సరిపడా తిండి మోసుకెళ్లే వాళ్లకి అది కావాలి. నువ్వు పోయే దారిలో ప్రతి మజిలీలోనూ లాడ్జి ఉంటుంది, పరుపూ అన్నమూ పప్పూ దొరుకుతాయి. 40 నుంచి 50 లీటర్లు ధారాళంగా సరిపోతుంది. అదీగాక లుక్లా విమానంలో మామూలుగా మనిషికి అంతా కలిపి 15 కిలోలే ఒప్పుకుంటారు. నా రెండో ట్రెక్ లెక్క చెప్తా: బ్యాగు కిలోన్నర, స్లీపింగ్ బ్యాగు 1.3, డౌన్ జాకెట్ అర, బట్టలు రెండున్నర, రెండు లీటర్ల నీళ్లు రెండు కిలోలు, మందులూ సబ్బులూ 0.7, పవర్ బ్యాంకూ వైర్లూ 0.6, చిరుతిళ్లు ఒకటి. పది కిలోలు దాటి కాస్త. నీ ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వకూడదంటారు. ఆ ఎత్తులో నన్నడిగితే ఇంకా తక్కువే మంచిది.

బ్యాగులో ఖాళీ కనిపిస్తే మనం ఊరుకుంటామా? నా 65 లీటర్ల దాంట్లో ఆవకాయ సీసా ఉంది. గాజు సీసా! పోయినసారి కందిపొడి మాత్రం చిన్న కవర్లో తీసుకెళ్లా, దాని విషయంలో రాజీ లేదు. సామానంతా ముందు ఒక అట్టపెట్టెలో పోగెయ్యి, ఆ తర్వాతే బ్యాగు కొను.

చెల్లాయి సంగతి. తన బ్యాగు తనకి ఉండాల్సిందే. దారిలో మీరిద్దరూ అరగంట తేడాతో నడిస్తే, చలేసినప్పుడు తన జాకెట్టు నీ వీపు మీద ఉంటే ఏం లాభం? ఆడవాళ్లకని చేసినవి వేరే దొరుకుతాయి. వీపు పొట్టిగా, భుజాల పట్టీలు ఒంపు తిరిగి, బెల్టు తుంటికి తగ్గట్టు ఏటవాలుగా ఉంటాయి. తనకి నీ పాత కాలేజీ బ్యాగు ఇచ్చేయకు, పాపం.

షాపులో ఖాళీ బ్యాగు చూసి మోసపోవద్దు. పది కిలోల బరువు వేసి ఇమ్మను, పావుగంట అటూ ఇటూ తిరుగు. ఇంటికి తెచ్చాక ట్యాగులు కత్తిరించకుండా బియ్యం ప్యాకెట్లు పెట్టి మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఐదంతస్తులూ నాలుగైదు సార్లు ఎక్కి దిగు. వాచ్‌మన్ ఏమనుకున్నా పర్లేదు. బియ్యం అడుగున పెట్టకు, వీపుకి ఆనుకుని మధ్యలో ఉండాలి. అడుగున స్లీపింగ్ బ్యాగు లాంటి మెత్తటివి. తర్వాత ఒకసారి ఇద్దరూ బ్యాగులతోనే తిరుమల మెట్లెక్కండి. 3,550 మెట్లు, బ్యాగు అసలు గుణం అక్కడ బయటపడుతుంది. అలిపిరిలో దేవస్థానం వాళ్లు లగేజీ ఉచితంగా పైకి చేరుస్తారు, ఆ కౌంటర్ వైపు మాత్రం చూడకు!

రంగు నీ ఇష్టం. రెయిన్ కవర్ ఉన్నా లోపల మందపాటి పాలిథిన్ సంచి ఒకటి వెయ్యి, వీపు వైపు నుంచి వాన నీళ్లు దిగుతాయి.

నా 65 లీటర్లది కావాలంటే పంపుతా అందామనుకున్నా, కానీ మా ఆవిడ అందులో రగ్గులు కుక్కి అటకెక్కించింది, దించనివ్వదు. నీ కొలతా చెల్లాయి కొలతా రాత్రికి పంపించు. ఆఫర్ శుక్రవారం దాకా ఉందన్నావుగా, ఈలోపు డబ్బు కట్టేశావంటే మాత్రం మోసేటప్పుడు నాకు ఫోన్ చెయ్యకు.

నీ
మురళి