ఫీడ్‌బ్యాక్ ఫారం మీద హాల్‌టికెట్ నంబర్ ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్తే,

నేను అమెరికాలో పీహెచ్‌డీ చేస్తూ రీసెర్చ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నా, సెమిస్టర్ చివర్లో స్టూడెంట్స్ ప్రొఫెసర్లకి ఇచ్చే రేటింగులు, కామెంట్లు చదివి పేర్లు తీసేసి ఎక్సెల్‌లోకి ఎక్కించడమే నా పని. ఒకే క్లాసు గురించి ఒకరు మరీ స్లో అంటారు, పక్కనోళ్లు పరిగెత్తిస్తున్నారంటారు, యావరేజ్ కొడితే మాత్రం 3.8 అని నీట్‌గా వచ్చేస్తుంది!

నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్ కోర్సు మీద చేసిన ఒక స్టడీ 2015లో వచ్చింది. చెప్పేది అదే మనిషి, కొందరికి మగ పేరు, కొందరికి ఆడ పేరు చూపించారు. అసైన్‌మెంట్లు అందరికీ ఒకే టైముకి దిద్ది ఇచ్చినా ఆడ పేరుకి టైముకిచ్చే విషయంలో కూడా రేటింగ్ తగ్గింది (చిన్న స్టడీయే లెండి). 2018లో కెనడాలో రైర్సన్ యూనివర్సిటీ కేసులో అయితే ప్రమోషన్లకి బోధన ఎలా ఉందో ఈ రేటింగులతో కొలవొద్దని ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) తేల్చేశారు.

మన దగ్గర కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే నాక్ (NAAC) కూడా స్టూడెంట్ సర్వే పెట్టింది, మంచిదే. కానీ నేను బీటెక్ చదివిన కాలేజీలో లెక్చరర్ గారే ఫారాలు పంచి అక్కడే నిలబడేవారు, పైన హాల్‌టికెట్ నంబర్ రాయాలి, ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే, ఇంకెవడు రాస్తాడండీ నిజం, వరసగా అన్నీ ఎక్సలెంట్ టిక్కులే.

ముందు ఆ నంబర్ తీసెయ్యండి, సెమిస్టర్ మధ్యలోనే అడగండి, గెస్ట్ లెక్చరర్ల రెన్యువల్‌ని మాత్రం ఈ కాగితాలకి ముడిపెట్టకండి ప్లీజ్.

ఇట్లు,
ఒక రీసెర్చ్ అసిస్టెంట్