ముక్కు ఒక్కటే మారాలి

లండన్,
ఏప్రిల్ 14

చెల్లెమ్మకి,

అమ్మకీ నాయనకీ అవ్వకీ నా నమస్కారాలు చెప్పు. కావలిలో మీ కాలేజీ పిల్లలు పందిముక్కు పిల్ల కథని నాటకంగా వేస్తున్నారని, ఆ ముక్కు ఎట్టా చెయ్యాలో వివరంగా రాయమని అడిగావు. ఫోన్లో చెబితే సగం జారిపోతుంది. అందుకే రాస్తున్నా, దగ్గర పెట్టుకో.

ముందు కథ సంగతి. దాన్నిబట్టే ముక్కు ఉంటుంది. 'పెనెలోపి' సినిమాలో మంత్రగత్తె శాపం వల్ల గొప్పింటి పిల్ల పందిముక్కుతో పుడుతుంది. తనలాంటివాళ్ళలో ఒకరు తనని మెచ్చుకున్నప్పుడే శాపం పోతుందని మాట. తల్లి దానికి గొప్పింటి పెళ్ళికొడుకు అని అర్థం చెప్పుకుని, పిల్లని ఇంట్లో దాచిపెట్టి సంబంధాలు వెతుకుతుంది. చివరికి ఏ పెళ్ళికొడుకు వల్లా కాదు, 'నేనిట్టా ఉండటమే నాకిష్టం' అని పిల్ల తనంతట తాను అన్నప్పుడు శాపం పోతుంది. ఆ తల్లే పిల్లని ఉన్నదున్నట్టు ఒప్పుకుని ఉంటే ఎప్పుడో పోయేది. కథకి ప్రాణం అక్కడుంది.

కాబట్టి ముక్కు అసహ్యంగానూ ఉండకూడదు, నవ్వు తెప్పించేట్టూ ఉండకూడదు. తెర లేచిన పావుగంటకి జనం దాన్ని మరిచిపోయి పిల్ల కళ్ళు చూడాలి. పెంచలకోనలో సింహం మొహం స్వామికి చేతులెత్తి దణ్ణం పెట్టే జనం మనవాళ్ళు, ముక్కు చూసి జడుసుకోరు. మీరు గేలి చేస్తేనే వాళ్ళూ గేలి చేస్తారు.

ఇక పని. జెలటిన్‌తో చెయ్యమని ఎవరైనా చెబితే వద్దను. చవకే, తేలికే, కానీ రోహిణి కార్తెలో లైట్ల కింద చెమటకి అంచులు కరిగి మూతి మీదికి కారతాయి. పైగా అది జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసేది, వేసుకునే పిల్లకీ వాళ్ళింట్లోవాళ్ళకీ అభ్యంతరం ఉండొచ్చు. సిలికాన్ మీ డబ్బుకి అందదు, గంధకం ఉన్న మట్టి తగిలితే గట్టిపడదు కూడా. మీకు లేటెక్స్, అంటే పాలలాంటి రబ్బరు ద్రవం, సరిపోతుంది. అయితే కొందరికి అది పడదు. ముందురోజే ఆ పిల్ల మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా లేటెక్స్ ఆలోచనే మానుకోండి.

మొదట పిల్ల మొహానికి అచ్చు తియ్యాలి, ముక్కూ బుగ్గల పైభాగమూ చాలు. పళ్ళ డాక్టర్లు అచ్చు తియ్యడానికి వాడే పొడి, ఆల్జినేట్, డెంటల్ సామాన్ల షాపులో దొరుకుతుంది. చల్లటి నీళ్ళతోనే కలపండి, మన ట్యాంకు నీళ్ళు పోస్తే గిన్నెలోనే గడ్డకడుతుంది. కనుబొమలకి వాజలిన్ పట్టించండి. ముక్కు రంధ్రాల్లో గొట్టాలు పెట్టొద్దు, రంధ్రాల చుట్టూ వదిలేసి రాయండి, నోటితో గాలి పీల్చుకుంటుంది. దానిమీద మెడికల్ షాపులో దొరికే ప్లాస్టర్ కట్టు మూడు వరసలు. ప్లాస్టర్‌ని నేరుగా చర్మం మీద ఎన్నడూ వెయ్యొద్దు, గట్టిపడేటప్పుడు వేడెక్కి కాలుస్తుంది. అచ్చు ఊడొచ్చిన వెంటనే 100 గ్రాముల డెంటల్ స్టోన్‌కి (రాయిలా గట్టిపడే ప్లాస్టర్ పొడి) 30 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి పోసెయ్యండి. టీ తాగొచ్చి పోద్దాంలే అనుకుంటే ఆల్జినేట్ నీరు ఆరి కుంచించుకుపోతుంది, ముక్కు ఎవరి ముక్కో అవుతుంది.

ఆ రాతి మొహం మీద ముక్కు మలచాలి. వినాయకుడి బొమ్మల మట్టి ఎండి పగులుతుంది, నూనె మట్టి తీసుకోండి. కొన ఒక సెంటీమీటరు మించి ముందుకు రానీయొద్దు. రంధ్రాలు కాస్త ముందుకి చూడాలి. పైపెదవి మీదికి మాత్రం రాకూడదు, వస్తే ప, బ, మ పలకవు, డైలాగు పోతుంది. అంచులు ఉల్లిపొరంత పలచగా ఉండాలి. ఎంత గొప్ప ముక్కైనా అంచు దగ్గర దొరికిపోతుంది, మీ సమయంలో సగం అక్కడ పెట్టండి.

చర్మంలాగా కనబడటానికి గూడూరు నిమ్మకాయ చాలు. కాయ తుడిచి, దానిమీద లేటెక్స్ నాలుగు పూతలు ఒక్కొక్కటే ఆరనిచ్చి వేసి, పౌడరు చల్లి ఒలవండి. కాయకి ఆనుకున్న వైపు చిన్నచిన్న బొడిపెలు ఉంటాయి. ఆ వైపు మట్టికేసి మెల్లగా అదిమితే సన్నటి గుంటలు పడతాయి, దగ్గర నుంచి చూసినా మనిషి చర్మమే అనిపిస్తుంది. కొన మీద గట్టిగా, అంచుకి పోయేకొద్దీ తేలిగ్గా అదమాలి.

ఆ మట్టి ముక్కు మీద పోసే అచ్చు మామూలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పొయ్యండి, డెంటల్ స్టోన్‌తో కాదు. లేటెక్స్‌లోని నీటిని అచ్చు పీల్చుకోవాలి, స్టోన్ సరిగా పీల్చదు. అచ్చు బాగా ఆరాక, లోపలి మట్టి తీసేసి జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టాక, కుంచెతో లేటెక్స్ నడిమధ్య ఆరేడు పూతలు, అంచుల్లో ఒకటి రెండే. పాలలాగా ఉన్నది పసుపురంగు తిరిగి మెరిసిందాకా ఆగి తర్వాతి పూత. కిటికీలు తీసి పెట్టండి, అమ్మోనియా వాసన ఘాటుగా ఉంటుంది. కొన లొట్టపడకుండా లోపల లేటెక్స్‌లో తడిపిన దూది కొంచెం. పౌడరు వెయ్యకుండా ఒలిస్తే తనకి తానే అతుక్కుని పాడైపోతుంది. ఒకసారి వాడితే అంచు చిరుగుతుంది కాబట్టి మూడు ప్రదర్శనలకి ఐదు ముక్కులు పోసుకోండి.

రంగు గులాబీ వద్దు. పిల్ల చామనఛాయ అయితే ముక్కూ చామనఛాయే, రంధ్రాల అంచునా కొన మీదా మాత్రం కొంచెం ఎరుపు. రబ్బరు మీద మామూలు మేకప్ నల్లబడుతుంది, ఆముదంతో చేసిన రంగు వాడాలి. అంటించేటప్పుడు చర్మం జిడ్డు తుడిచి, నడిమి నుంచి అంచులకి రండి. తీసేటప్పుడు లాగొద్దు. నూనె తడిపిన దూదిపుల్లతో అంచు లేపుతూ పది నిమిషాలు తీసుకోండి.

మొహం దాచుకునే చున్నీకి పలచటి వెంకటగిరి నూలు బాగుంటుంది. కానీ జరీ అంచు వద్దు, ముక్కు అంచుని పట్టి లేపుతుంది.

ఇంకొక్క మాట, ఇది నువ్వు పట్టుబట్టాలి. శాపం పోయాక ముక్కు ఒక్కటే పోవాలి. మేకప్ చేసేవాళ్ళు అలవాటు కొద్దీ అప్పుడు తెల్ల పౌడరు పూసి, జడ మార్చి, పట్టుచీర కడతారు. అట్టా చేస్తే పిల్ల అన్న మాట అక్కడికక్కడే అబద్ధం అయిపోతుంది. అదే రంగు, అదే జుట్టు, అదే చీర. ముక్కు ఊడదీసిన చోట చర్మం ఎర్రగా ఉంటుంది, దాన్నీ కప్పొద్దు. దీపాలు వెలిగాక మొదట చూడాల్సింది పెళ్ళికొడుకు కాదు, తల్లి. తల్లి వేషం వేసే అమ్మాయికి ఆ చూపు ఒక్కటే పది రిహార్సల్స్ చేయించు.

మట్టి ముక్కు అయ్యాక ప్లాస్టర్ పోసేముందు ఎదురు నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసి పంపు. నేను చూసి చెప్పిందాకా పొయ్యొద్దు.

నీ అక్క