నానోట్యూబుల గొప్ప రాశారు, దుమ్ము సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ పేపర్లో కార్బన్ నానోట్యూబుల మీద, అంటే కంటికి కనపడనంత సన్నటి కార్బన్ గొట్టాల మీద, వచ్చిన వ్యాసం చదివి మా పిల్లోడు ఉక్కు కన్నా గట్టిదంట, అంతరిక్షానికి లిఫ్ట్ వేస్తారంట అని ఒకటే గోల. లిఫ్ట్ సంగతి దేవుడెరుగు, ఇప్పుడు నిజంగా వాడేది యాడంటే ఎలక్ట్రిక్ బండ్ల లిథియం బ్యాటరీల్లో, ఎలక్ట్రోడ్‌లో కరెంటు బాగా పారేదానికి కొంచెం కలుపుతారు, అది రాసుంటే బాగుండేది. 2019లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు వీటితో 14 వేలకు పైగా ట్రాన్సిస్టర్లున్న ప్రాసెసర్ చేశారు, అది మాత్రం మెచ్చుకోవాల్సిందే, ఎందుకంటే కార్బన్ పొర చాప చుట్టినట్టు ఎంత ఏటవాలుగా చుట్టుకుందో దాన్నిబట్టి ఒక ట్యూబు లోహం మాదిరి, ఇంకోటి ప్రాసెసర్‌కు పనికొచ్చే సెమీకండక్టర్ మాదిరి పనిచేస్తాయి, తయారీలో రెండూ కలిసే వస్తాయి, ఏరడం పెద్ద తలనొప్పి.

నేను రాయాలనుకున్నది వేరే. మాది పులివెందుల, ఈ పక్క రాతినార (ఆస్‌బెస్టాస్) గనులుండేవి. మా జేజినాయన గనిలో పనికి పోయినోడే, సాయంత్రానికి తలా మీసమూ తెల్లగా అయ్యేవంట, జేజి ఆ పంచెను గడప బయటే దులిపేదంట. ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమైతుందో వాళ్లకు చెప్పినోడు లేడు.

నానోట్యూబు కూడా సన్నగా, పొడుగ్గా, అరగని పోగే గదా. 2008లో బ్రిటన్ సైంటిస్టులు ఎలుకల కడుపులోకి ఎక్కించి చూస్తే పొడుగు ట్యూబులకు రాతినారకు వచ్చినట్టే వాపు, గడ్డలు వచ్చాయి, పొట్టిగా చిక్కుబడినవాటికి అట్ల రాలేదు. మన ఒంట్లో చెత్తను మింగే కణాలు అంత పొడుగు పోగును మింగలేక సగంలో ఆగిపోతాయి, అక్కడే వస్తుంది తంటా. 2014లో క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్సీ కూడా అట్లాంటి ఒక రకాన్ని క్యాన్సర్ తెప్పించే అవకాశమున్న వాటిల్లో చేర్చింది, మిగతావాటికి ఆధారాలు చాలవు అనింది.

నానోట్యూబులే వద్దని కాదండీ. ప్లాస్టిక్‌లోనో బ్యాటరీలోనో బిగిసిపోయాక మన మాదిరి వాడేవాళ్లకు అంత భయం లేదు, పొడిగా ఉన్నప్పుడు తూచేవాళ్లకూ, కలిపిన సరుకును కోసి అరగదీసేవాళ్లకే ముప్పు. మా అన్న కూతురు ఒక కాలేజీలో ప్రాజెక్టు చేస్తాంది, గుడ్డ మాస్క్ కట్టుకొని ఫ్యాన్ కింద ఆ పొడి తూస్తాండారంట, అడిగితే నవ్వినారంట!

ఈసారి రాసేటప్పుడు పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె) తీయాలని, గుడ్డ మాస్క్ చాలదని, కింద పడితే చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలని ఒక బాక్స్ కట్టి వేయండి, మా పాప కోసి ల్యాబ్ గోడకు అంటిస్తానంటాంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, పులివెందుల, కడప జిల్లా