విద్యాశాఖ అధికారి గారికి గుంటూరు నుంచి ఒక నాన్న రాసేది

సార్, మావాడు రెండో తరగతి, కాకిని ‘తాతి’ అంటాడు, వాళ్ళ తాతయ్యేమో నన్నే పిలుస్తున్నాడని మురిసిపోతాడు. ఈ ఏడు బడికి స్పీచ్ థెరపీ ట్రైనీ అమ్మాయి వస్తోంది, ఓపికున్న పిల్ల, ఆమెకి నేర్పే మేడమ్ మాత్రం వీడియో కాల్లోనే చూస్తారు. అది తప్పు అనట్లేదు, అన్ని బళ్ళకీ మేడమ్ ఒక్కరే ఎక్కడ తిరుగుతారు. కానీ మొన్న నేను పక్కనే కూర్చున్నా, ఫోన్ని వాటర్ బాటిల్‌కి ఆనించారు, ‘క’ అనేటప్పుడు నాలుక వెనకభాగం లేస్తోందో కొస పళ్ళకి తగుల్తోందో అందులో ఏం కనపడుద్ది, బయట మిర్చి లారీల హారన్లు, స, శ రెండూ ఒకేలా వినపడతన్నయ్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మాట, భాష సమస్య కూడా ఉంది కదా సార్. ఒక స్టాండు, చిన్న మైకు, తలుపున్న గది ఇప్పించండి, నెలకోసారైనా మేడమ్‌ని నేరుగా పంపండి. ఆ కాల్ రికార్డ్ చేస్తుంటే ముందు మమ్మల్ని అడగమనండి, ఇంతవరకు ఎవరూ సంతకం కూడా తీసుకోలా.